పెట్టెలో మునిసామి

వాటర్లూ,
సెప్టెంబరు ఆఖరి వారం, 2022

నా కృపకి,

నా గొంతు వినగానే మనవడు ఉలిక్కిపడి లేస్తున్నాడని నీ కూతురు ఎలీనా నాకు ఫోన్ బంద్ చేసింది. నువ్వేమో సందు దొరికిందని, "ఫోన్లో అయితే నన్ను నవ్వించి సగం దాటేస్తారు, ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి పంపండి" అని మెసేజ్ పెట్టావు. ఏడో క్లాసులో బడి మానేసినవాడి చేత వ్యాసాలు రాయిస్తున్న నర్సువి ఈ కెనడా మొత్తంలో నువ్వొక్కదానివే అయ్యుంటావు. సరే, రాస్తున్నా. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది ఎడ్మంటన్‌లోనే ఉంచేసుకో.

మన ఫెలోషిప్ వ్యాను పోయింది. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. దాన్ని ఎత్తుకుపోవాలంటే దొంగ ముందు తొయ్యాలి. ఇంజిన్ పోయింది. మూడు వారాల కిందట ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని వస్తుంటే ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కే వంపులో ధన్‌మని ఒక చప్పుడు, తర్వాత పొగ, ఆ తర్వాత నిశ్శబ్దం. వెనక సీట్లోంచి పద్మిని, "అంకుల్, చర్చి వచ్చేసిందా?" అంది.

పద్మిని నీకు తెలీదు. నువ్వెళ్ళాక దిగింది, తెనాలి పిల్ల. నువ్వున్నప్పుడు మన ఆదివారం కూడికకి వచ్చే స్టూడెంట్లు రెండు బెంచీలు. ఇప్పుడు కాలేజీల్లో సెప్టెంబరు ఇంటేక్ దిగేసరికి హాలు విజయవాడ బస్టాండులా ఉంది, మెట్ల మీద కూడా కూర్చుంటున్నారు. ఎవరు యేసయ్య కోసం వస్తున్నారో, ఎవరు బిర్యానీ కోసం వస్తున్నారో నేనడగను. పద్మిని శనివారం వెంకటేశ్వరస్వామికి ఉపవాసం ఉండి, ఆదివారం మన దగ్గర లెగ్ పీస్ అడుగుతుంది. ఇద్దరికీ అభ్యంతరం లేనట్టే ఉంది. ఈ పిల్లలందరికీ బస్సులు మారకుండా రావాలంటే ఆ వ్యానే దిక్కు.

అందుకని కమిటీ కూర్చుంది. ఎల్డర్ డేవిడ్‌సన్ గారు మార్కమ్‌లో ఒక కంపెనీకి ఇంట్లోంచే పనిచేసే మేనేజరు కదా, ప్రొజెక్టర్ కూడా తెచ్చారు.

"బ్రదర్ జ్ఞానప్రకాశం, క్రేట్ ఇంజిన్ అంటే ఏంటో కమిటీకి ఎక్స్‌ప్లెయిన్ చెయ్యండి" అన్నారు.

"ఫ్యాక్టరీలో కొత్తగా తయారై, టెస్టయి, చెక్క పెట్టెలో మేకులు కొట్టించుకుని వస్తుందండి. పెట్టె విప్పడం, బిగించడం. రెడీమేడ్ చొక్కా లాంటిది."

"మరి రెండోది?"

"మన మునిసామి కట్టే ఇంజిన్. పాత దిమ్మె తీసుకుని, లోపలంతా తోడి, ఈ బండి బరువెంత, ఎక్కేవాళ్ళెంతమంది, పోయే రోడ్డేంటి అని చూసి దానికి తగ్గట్టు కడతాడు. టైలరు కుట్టిన చొక్కా. పైగా జోరు ఎక్కువ."

"జోరెందుకు బ్రదర్? మనం వెళ్ళేది చర్చికి."

"పాత ఇంజిన్ నడకకి పిల్లలు మొదటి పాట ఎప్పుడైనా విన్నారాండీ?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "వారంటీ ఎవరిస్తారు?" అన్నారు.

"మునిసామి మాట ఇస్తాడండి."

"మాటని ఫైల్ చెయ్యలేం బ్రదర్. జనవరిలో మంచులో పిల్లలతో రోడ్డు మీద ఆగిపోతే నేనెవరికి ఫోన్ చెయ్యాలి? పెట్టె మీద కంపెనీ పేరుంటుంది, నంబరుంటుంది."

నిజం చెప్పాలంటే ఆయన మాట తప్పు కాదు. చేతులెత్తితే అన్నీ పెట్టెకే లేచాయి. రెండోదానికి లేచిన చెయ్యి నాదొక్కటే. "ఆర్డరూ బిగింపూ మీరే చూడండి, బండి తిరిగాక బిల్లు చూద్దాం" అని, వ్యాను తోలేదీ రిపేర్లు చూసేదీ నేనే కాబట్టి నాకే అప్పజెప్పారు.

మునిసామి నీకు తెలిసినవాడే, కానీ ఈ ఉత్తరం ఎలీనా కూడా లాక్కుని చదువుతుంది కాబట్టి రాస్తున్నా. ఫిజీలో పుట్టాడు. వాళ్ళ తాతని చెరుకు తోటలకి ఓడలో తీసుకుపోయారట. వాడు మాట్లాడేది ఆ తాతతో ఓడెక్కిన తెలుగు. పడమటి తీరంలో సర్రే నుంచి ఇటొచ్చి కిచెనర్ చివర షెడ్డు పెట్టాడు. చిన్నప్పట్నుంచీ ఇంజిన్లే. ఈ మధ్య అందరూ పెట్టెలు తెప్పించుకుంటున్నారు, షెడ్డు ఖాళీగా ఉంటోంది. చలికాలం దాటాక మూసేద్దామని వాడి భార్య శీలతో అంటున్నాడట. నేను వెళ్ళి వ్యాను సంగతి చెప్పగానే వాడి మొహం వెలిగింది. "భయ్యా, ఆ పిల్లలందరూ పాత కార్లు కొంటారు గదా? ఈ బండి బాగా నడిస్తే ఎవరు కట్టారని అడగరా?" అన్నాడు. అడుగుతారన్నా. ఆ రోజే మొదలుపెట్టాడు. "జోరు కోసం కొంచెం కారం ఎక్కువెయ్యి" అన్నా. "తెలుసులే" అన్నాడు.

అది కమిటీకి ముందు. కమిటీ చేతులెత్తేసరికి ఇక్కడ ఇంజిన్ సగం తయారైపోయింది. నేనేం చెయ్యను? వాణ్ణి ఆపమనాలా, డేవిడ్‌సన్ గారితో గొడవపడాలా అని ఆలోచిస్తుంటే, కృపా, నాకు దేవుడిచ్చిన తెలివి ఒకటుంది కదా.

పెట్టె నేనే చేశా. ఇండియన్ కొట్టు వెనక పారేసిన చెక్కలు తెచ్చి, మునిసామి ఇంజిన్‌ని ప్లాస్టిక్ చుట్టి లోపల పెట్టి, మేకులు కొట్టి, పైన నల్ల రంగుతో అంకెలూ, బాణం గుర్తూ, పగిలిపోయే గ్లాసు బొమ్మా వేశా. ఏ కంపెనీ పేరూ రాయలేదు, అంత పాపం ఎందుకు. నిన్న చర్చి వెనక దించితే డేవిడ్‌సన్ గారు దాని చుట్టూ ప్రదక్షిణ చేశారు. పెట్టె వాసన చూసి, "ఫ్యాక్టరీ ప్యాకింగ్ వాసనే వేరు బ్రదర్" అన్నారు. అది ఇంగువ. ఫొటో తీసి గ్రూపులో పెట్టారు, నూట ఇరవై మంది ఆమెన్ అన్నారు.

రెండు నెలలు బాగా నడిచాక అసలు సంగతి చెప్పి అందరి మొహాలూ చూడాలని ప్లాను. మునిసామికి చెబితే మొదట నవ్వాడు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు ఉన్నాడు. వచ్చే ఆదివారం బండికి ప్రార్థన ఉంది, నిన్ను చూస్తే ఎవరికైనా అనుమానమొస్తుంది, నువ్వు రాకు అన్నా. "సరే భయ్యా" అన్నాడు. శీల టీ పెట్టలేదు. పాలు లేవేమో.

నీ, నువ్వు తిట్టడానికి ఎదురుచూస్తున్న,
జ్ఞానప్రకాశం


వాటర్లూ,
అక్టోబరు మొదటి సోమవారం

నా కృపకి,

నీ దగ్గర్నుంచి తిట్లు రాకముందే ఇంకో ఉత్తరం. ఆగలేకపోతున్నా. నిన్న జరిగింది చూడకుండా నువ్వు అక్కడ మనవడి గుడ్డలు మారుస్తున్నావంటే నీ మీద జాలేస్తోంది.

బండికి ప్రార్థన అంటే నీకు తెలిసిందేగా. కొత్త బండి ఎవరు కొన్నా పాస్టర్ గారు చెయ్యి వేసి ప్రార్థించాకే రోడ్డెక్కించాలి. డేవిడ్‌సన్ గారు ఇంకో అడుగు ముందుకేసి, "మొదటి స్టార్టే ప్రార్థనలో జరగాలి" అన్నారు. ఇంజిన్ బిగించా గానీ తాళం తిప్పలేదు. మునిసామికి ఈ సంగతి ఫోన్లో చెప్పా. వాడు, "అట్లాగైతే ఒకటి చూసుకో భయ్యా. లోపల వాల్వులు తెరిచే కడ్డీ ఉంటుంది గదా, క్యామ్, అది పాత రకందే వేశా. మొదటిసారి స్టార్టయినాక ఇరవై నిమిషాలు గట్టిగా రేజ్ చేస్తూనే ఉండాలి. కాలు తీసి గుర్రుమననిచ్చావా, అరిగిపోద్ది, మొత్తం విప్పాల్సిందే" అన్నాడు.

పాత ఇంజిన్లకి ఆ పథ్యం ఉందని నేనూ విన్నదే. కానీ పెట్టె ఇంజిన్‌కి ఆ గోల ఉండదు. డేవిడ్‌సన్ గారు గూగుల్లో చదివేసి ఉంటారు. చెబితే దొరికిపోతా, చెప్పకపోతే వాడి కష్టం బూడిద. ఆదివారం పొద్దున్న ఏదీ తేల్చుకోకుండానే డ్రైవర్ సీట్లో కూర్చున్నా.

పార్కింగ్ లాటంతా జనం. ఈ ఇంటేక్ పిల్లలందరూ వాళ్ళ వాళ్ళ ప్రార్థన విన్నపాలు కూడా ఇదే ఊపులో చెప్పుకుందామని వరసగా నించున్నారు. పాస్టర్ గారు బోనెట్ మీద చెయ్యి పెట్టి తల ఊపారు. తాళం తిప్పా. కృపా, అది లేచిన తీరు! మొదటి తిప్పుకే అందుకుంది. కాలు దించా. పులి అరిచినట్టు ఒకటే అరుపు. పాస్టర్ గారు చెయ్యి తీసేసుకుని, మళ్ళీ విశ్వాసం తెచ్చుకుని పెట్టారు.

"పరలోకమందున్న మా..." అని మొదలెట్టారు. ఎవరికీ వినపడలా. గొంతు పెంచారు. నేను కాలు తియ్యలా. ఆయన ఇంకా పెంచారు. డేవిడ్‌సన్ గారు కిటికీ దగ్గరకొచ్చి, "తగ్గించండి బ్రదర్!"

"పెడల్ ఇరుక్కుందండీ!"

"అయితే ఆపెయ్యండి!"

"ఆపితే వారంటీ పోతుందండీ!"

ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలీదు. తాళం వైపు వెళ్ళిన ఆయన చెయ్యి టక్కున ఆగిపోయింది! కానీ మనిషి ఊరుకోలేదు. సూటూ బూటూ వేసుకున్నాయన తలుపు తీసి, నా కాళ్ళ దగ్గర దూరి, పెడల్‌ని రెండు చేతుల్తో పైకి లాగడం మొదలెట్టారు. ఆయన పైకి, నేను కిందికి.

"ముందు మీ కాలు తియ్యండి బ్రదర్!"

"కాలే ఇరుక్కుందండీ!"

అవతల పాస్టర్ గారు ఇంజిన్‌తో పోటీ పడుతున్నారు. ఆయన పెంచేకొద్దీ జనం పెంచారు. ఒక్కొక్కళ్ళూ ముందుకొచ్చి గొంతు చించుకుని అడుగుతున్నారు. "వర్క్ పర్మిట్!" అని పద్మిని కేక. "కో-ఆప్ ఉద్యోగం!" అని ఇంకొకడు. "బేస్‌మెంట్, ప్రభువా, కిటికీ ఉన్న బేస్‌మెంట్!" పక్కింటి తెల్లాయన కంచె మీంచి చూసి, చేతులు జోడించి లోపలికెళ్ళిపోయాడు. ఇరవై నిమిషాలు నిండగానే నేను కాలు తీశా. ఇంజిన్ పిల్లిలా గుర్రుమంది. లాటంతా నిశ్శబ్దం. పాస్టర్ గారు బొంగురుగా "ఆమెన్" అన్నారు. సగం మంది ఏడుస్తున్నారు. ఇంత బలమైన ప్రార్థన తన సేవలోనే చూడలేదని పాస్టర్ గారన్నారు. డేవిడ్‌సన్ గారు మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ, "చూశారా, ఇంత రేజ్ తట్టుకుందంటే, ఫ్యాక్టరీ ఇంజిన్ ఫ్యాక్టరీ ఇంజినే" అని అందరికీ చెప్పారు.

నేను సీట్లో తల వంచుకుని నవ్వు ఆపుకుంటుంటే ఆత్మ తాకిందనుకుని ఒక ఆంటీ నా వీపు నిమిరింది.

ఇదంతా చెబుదామని మునిసామికి ఎన్నిసార్లు చేశానో. ఎత్తట్లేదు. షెడ్డులో ఫోన్ వినపడదు కదా.

నీ,
జ్ఞానప్రకాశం


ఎడ్మంటన్,
శుక్రవారం

ఎలీనా వాళ్ళ నాన్నకి,

రెండు ఉత్తరాలూ అందాయి. ఎలీనా పార్కింగ్ లాట్ దగ్గర నవ్వీ నవ్వీ పిల్లాణ్ణి లేపింది. నేనూ నవ్వాను. దేవుని ముందు అబద్ధమెందుకు. అందుకే ఈ ఉత్తరం రాయడానికి నవ్వు తగ్గేదాకా ఆగాను.

శీల నాకు ఫోన్ చేసింది. వినండి. ఆ ఇంజిన్‌కి ఇరవై నిమిషాల పథ్యం లేదు. అందులో వేసింది పాత రకం కడ్డీ కాదు, రోలర్లున్న కొత్త రకమట. తాళం తిప్పి గమ్మున కూర్చున్నా దానికేమీ అయ్యేది కాదు. మునిసామి మీకు అబద్ధం చెప్పాడు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళని ఆటపట్టించిన మీరు, నోరు లేని మునిసామి చేతిలో ఇరవై నిమిషాలు పెడల్ తొక్కారు. ఈ ఒక్క ముక్క ఫ్రేమ్ కట్టించి మన హాల్లో పెడతాను.

ఎందుకు చెప్పాడో తెలుసా? "నా పేరు ఎట్లాగూ చెప్పడు, నన్ను రానీడు, అక్కడున్నవాళ్ళందరికీ కనీసం నా ఇంజిన్ గొంతన్నా వినపడాల" అన్నాడట శీలతో. మొన్న ఆదివారమంతా ఇంట్లో కూర్చుని గడియారం చూస్తూనే ఉన్నాడట. తర్వాత షెడ్డు అమ్ముతానని ఎవరికో ఫోన్ చేశాడట. శీల ఏడ్చింది. పాలు లేవేమో అని రాశారు మీరు! పాలున్నాయి. టీ పెట్టాలనిపించలేదు ఆమెకి.

ఆ పిల్లలు ఎవరు కట్టారని అడుగుతారన్న ఒక్క ఆశతో కట్టాడండీ ఆయన. మీరు ఆ ఆశ తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి మేకులు కొట్టారు. పైగా గ్లాసు బొమ్మ.

రెండు నెలలాగి చెప్పే ప్లాను అక్కర్లేదు. పోస్టు ఆలస్యమవుతుందని ఈ ఉత్తరం ఫొటో తీసి ఇప్పుడే ఫోన్‌కి పంపుతున్నాను, ఈ ఆదివారమే సాక్ష్యాల టైములో లేచి చెప్పండి. చెప్పేటప్పుడు ఎవర్నీ నవ్వించకండి. మీ వల్ల అయ్యే పని కాదని తెలుసు, అయినా ప్రయత్నించండి. బీపీ మాత్ర వేసుకుంటున్నారా?

మీ,
కృపాబాయి


వాటర్లూ,
ఆ తర్వాతి సోమవారం

నా కృపకి,

నీ ఉత్తరం చదివా. మొదట రోలర్ల సంగతికి కోపమొచ్చింది. నన్నా? మునిసామా? తర్వాత మిగతాది ఇంకోసారి చదివా. కోపం పోయింది. పోయి ఏమొచ్చిందో రాయడం నాకు రాదు, ఎనిమిదో క్లాసులో చెప్తారేమో అది.

షెడ్డుకి వెళ్ళా. వాడు పనిముట్లు డబ్బాల్లో సర్దుతున్నాడు. నేను గుమ్మంలో నించుని, "రోలర్లంట?" అన్నా.

"కాలు నొప్పెట్టిందా భయ్యా?" అన్నాడు తలెత్తకుండా.

"ఇంకా కుంటుతున్నా."

"మంచిది."

సర్దుతూనే ఉన్నాడు. జోకులన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. చివరికి, "నవ్వుకోడానికి చేశా మునిసామీ, నీ మంచికే అనుకున్నా" అన్నా.

అప్పుడు తలెత్తాడు. "నవ్వించావులే. నన్ను దాచి పెట్టి నవ్వించావు. నన్ను పక్కన నిలబెట్టుకుని నవ్వించి ఉంటే నేనూ నవ్వుతును గదా."

శీల లోపల్నుంచి చూస్తోంది. "ఆదివారం రా" అన్నా. "రావద్దన్నావు గదా నువ్వే" అన్నాడు. "ఇప్పుడు రమ్మంటున్నా" అన్నా. వాడు ఇంకో డబ్బా మూత బిగించాడు.

ఆదివారం సాక్ష్యాల టైములో లేచా. నేను లేవగానే స్టూడెంట్లు నవ్వడానికి రెడీ అయిపోయారు. నవ్వొద్దంటే ఇంకా నవ్వుతారని ఏమీ అనకుండా మొదలుపెట్టా. ఆ పెట్టె నేను చేసిందని, ఆ ఇంజిన్ కిచెనర్ చివర షెడ్డులో మునిసామి చేత్తో కట్టిందని, కమిటీ మాట దాటానని, పెడల్ ఇరుక్కోలేదని చెప్పా. కాలు కూడా ఇరుక్కోలేదని చెప్పా. నవ్వులు మెల్లగా ఆగిపోయాయి. డేవిడ్‌సన్ గారి మొహం ఎర్రబడింది. లేచి, "అంటే నేను మోకాళ్ళ మీద..." అన్నారు.

"అవునండి. క్షమించండి. మిమ్మల్ని నమ్మించినందుకు ఒకటి, అతని పేరు దాచినందుకు రెండు. రెండోదే పెద్దది."

హాలు తలుపు దగ్గర అలికిడయితే అందరూ వెనక్కి తిరిగారు. మునిసామి. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకుని, పక్కన శీల. ఎంతసేపట్నుంచి నించున్నాడో. డేవిడ్‌సన్ గారు నన్ను దాటుకుని, అందరి మధ్యలోంచి నడుచుకుంటూ అతని దగ్గరికి వెళ్ళారు.

"ఆ ఇంజిన్ మీరు కట్టిందా?"

"అవునండి."

"నాకు దాంతో గొడవ లేదు. వారం నుంచి బాగా నడుస్తోంది. పిల్లలు ఇవాళ మొదటి పాటకే వచ్చారు. కానీ నా ప్రశ్న నాదే. వారంటీ?"

మునిసామి ఒక అడుగు ముందుకేశాడు. "నేను బతికున్నంత కాలం ఏం వచ్చినా నేనే చూస్తానండి. మంచులోనైనా వస్తా."

డేవిడ్‌సన్ గారు చేతులు కట్టుకున్నారు. "మీ వయసెంత?"

"అరవై రెండు."

"బీపీ?"

"కొంచెం ఉందండి."

"షుగరు?"

మునిసామి శీల వైపు చూశాడు. "ఉంది! స్వీట్లు మానడు!" అంది శీల, హాలంతటికీ వినపడేలా.

డేవిడ్‌సన్ గారు ఆ వారంటీ ఏమంత బాగాలేదన్నట్టు పెదవి విరిచి, జేబులోంచి ఫోన్ తీసి గ్రూపులో ఏదో టైప్ చేశారు. హాల్లో ఫోన్లన్నీ ఒకేసారి టింగుమన్నాయి. నాదీ మోగింది. ప్రార్థన విన్నపాల్లో పై వరసలో ఉంది, వర్క్ పర్మిట్ల కంటే పైన: "బ్రదర్ మునిసామి గారి బీపీ, షుగర్, దీర్ఘాయుష్షు కొరకు. ప్రతి వారం. తప్పనిసరి."

మునిసామి హిందువండీ అని ఎవరో అంటే, "ఇంజిన్ మనది కదా" అన్నారాయన.

ప్రార్థన జరిగింది. పాస్టర్ గారు ఆ షుగరు కోసం ఎంత గట్టిగా అడిగారో చెప్పలేను. మునిసామి మధ్యలో తల వంచుకుని నించుని, అందరూ తన పేరు పెట్టి పిలుస్తుంటే చెవులు ఎర్రబడి, మొదటిసారి నా వైపు చూసి నవ్వాడు. భోజనాల దగ్గర పద్మిని వాళ్ళు చుట్టూ మూగారు. "అంకుల్, నా కారు టకటకమంటోంది", "అంకుల్, నాది పొద్దున్నే స్టార్టవదు". గులాబ్ జామూన్ ప్లేటు వాడి చేతిదాకా వచ్చేసరికి ముగ్గురు ఎల్డర్లు ఒకేసారి లాక్కున్నారు.

సర్దిన డబ్బాలు మళ్ళీ విప్పుతున్నాడని శీల ఇవాళ ఫోన్ చేసి చెప్పింది. నన్ను టీకి రమ్మంది. వ్యాను తాళాలు మాత్రం డేవిడ్‌సన్ గారు నా దగ్గర్నుంచి తీసుకున్నారు, నెల్లాళ్ళు సస్పెన్షన్. వెనక సీట్లో స్టూడెంట్ల మధ్య కూర్చుని వెళ్తున్నా. కమిటీ తీర్మానం ఇంకోటుంది, అది నీకు: నువ్వు తిరిగొచ్చిన దగ్గర్నుంచి వారానికోసారి మునిసామికి బీపీ చూడాలట. త్వరగా రా. మాకు వారంటీ తనిఖీ చేసే నర్సు లేదు.

నీ,
వెనక సీటు
జ్ఞానప్రకాశం